మధ్యలో నేను కలిపిన మాటలు

మా ఆయనకి పక్షవాతం వచ్చి తేరుకున్నాక ఊళ్ళో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. "నడుస్తున్నారా అండీ?" నడుస్తున్నారు మహాప్రభో! చేతికర్ర పట్టుకుని వీధి చివర టీ కొట్టు దాకా వెళ్తున్నారు, డాక్టరు వద్దన్న టీ తాగి మరీ వస్తున్నారు. మాట కూడా వచ్చింది, కాస్త నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. కుడిచెయ్యి మాత్రం ఇంకా బద్ధకిస్తోంది. ఇవన్నీ ఎవరడిగినా ఓపిగ్గా చెప్పేదాన్ని. ఎవరూ అడగనిది ఒకటుంది. ఆయనకి నవల చదవడం పోయింది.

అక్షరాలు పోలేదు. పేపర్లో హెడ్డింగులు గడగడా చదివేవారు. బస్సు బోర్డులు, మందుల అట్టపెట్టెలు, కరెంటు బిల్లు, అన్నీ చదివేవారు. నవల పట్టుకుంటే మాత్రం, పేజీ తిప్పేసరికి ముందు పేజీలో ఎవరు ఎక్కడున్నారో జారిపోయేది. వెనక్కి తిప్పేవారు. అది చదివి ముందుకొచ్చేసరికి ఇక్కడిది పోయేది. విజయవాడలో డాక్టరు గారు "మెల్లగా రావచ్చమ్మా, తొందరపెట్టకండి. ఇష్టమైనవి చదివి వినిపిస్తూ ఉండండి" అన్నారు. వస్తుందని గట్టిగా మాత్రం చెప్పలేదు.

జబ్బు చెయ్యకముందు ఆయన సగంలో ఆపిన నవల ఒకటి బల్లమీద ఉండేది. గుర్తుగా విజయవాడ బస్సు టికెట్టు పెట్టుకున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకి ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "ఇది నా అంతట నేను చివరిదాకా చదవాలి. చదివితే బాగయినట్టు. లేదంటే ఎంత నడిచినా నేను నేను కాదు" అన్నారు. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చా.

ఆ నవల ఎలాంటిదో చెప్పాలి. మంచి నవలే పాపం, నాకే గిట్టక సగంలో వదిలేసా. ఒక ఇల్లు. ఇంట్లో ఒక తండ్రి, ఒక కొడుకు. ఇద్దరికీ పేర్లుండవు. ఇద్దర్నీ 'అతను' అనే అంటాడు రాసినాయన. ఒక పేరా ఇవాళ్టిది, దాని కింద పేరా ముప్పై ఏళ్ళ కిందటిది. మధ్యలో మూడు చుక్కలు లేవు, గీత లేదు, 'అప్పట్లో' అన్న మాట లేదు. 'అందుకని' అన్న మాట పుస్తకమంతా జల్లెడ పట్టినా దొరకదు. వాక్యం అయిపోతుంది, ఫుల్‌స్టాప్ పడుతుంది, తర్వాతి వాక్యం ఇంకెక్కడో లేస్తుంది. కొత్త తరహా నవలంటే ఇదీ అని మా ఆయన మురిసిపోయేవారు.

ఆయన జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. సిమెంటు దిమ్మలు పోయించి, నానబెట్టించి, మెషీన్లో పెట్టి ఎంత ఒత్తిడికి పగులుతాయో చూడటం ఆయన ఉద్యోగం. అందుకని మా ఇంట్లో ఏ తగువైనా తిరిగి తిరిగి సిమెంటు దగ్గరికే వచ్చేది. నేను చదివే సీరియల్ నవలల్ని చూసి వెక్కిరించేవారు.

"వీటిల్లో ఇటుకల కన్నా సిమెంటే ఎక్కువ. ఆమె వచ్చింది. వచ్చి కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. అలా ఏడుస్తూ ఉండగా... అబ్బబ్బ, ఎంత మెత్తుతారే!"

"మరి మీవో? ఒట్టి ఇటుకలు పేర్చి గోడంటారు. చెయ్యేస్తే పడిపోద్ది."

"ఆ సందుల్లోంచే గాలొస్తుంది. చదివేవాడు దూరడానికి చోటుండాలి."

"దూరి కాలు విరక్కొట్టుకోవడానికి!"

పెళ్ళైన కొత్తలో మొదలైన తగువిది. పక్కింటివాళ్ళకి కూడా కంఠతా వచ్చు. ఎవరూ నెగ్గలేదు, ఎవరూ మానలేదు, ఎవరి పుస్తకాలు వాళ్ళు చదువుకుంటూ కాపురం చేసాం.

నాకు చదవడం అబ్బింది నందిగామలో, మా పుట్టింట్లో, మిరపకాయల మధ్య. ఎండాకాలం రాగానే ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి మిరపకాయలు తెచ్చి వసారాలో పోసేవాళ్ళు. అమ్మ, పిన్ని, అక్క, పక్క వాటాలో ఉండే సాయిబు గారి భార్య చుట్టూ కూర్చుని ముచ్చికలు తీసేవాళ్ళు. ముచ్చికంటే కాయ తలమీద ఉండే తొడిమ. అది ఒక్కటి పడినా కారం రంగు చెడుతుందని అమ్మ పట్టుదల. నాకేమో ఆ ఘాటు పడేది కాదు, ఒకటే తుమ్ములు. అందుకని వీక్లీ చేతికిచ్చి, గాలి తగిలేచోట గుమ్మంలో కూర్చోబెట్టి, సీరియల్ చదవమనేవాళ్ళు. చదువు పేరు చెప్పి పని ఎగ్గొట్టానని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

అక్కడ చదవడమంటే అచ్చులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం కాదు. దానికో పద్ధతి ఉండేది. వినేవాళ్ళలో ఒకళ్ళు లేచి పొయ్యిమీద పాలు చూసొచ్చేవాళ్ళు. ఒకళ్ళకి తుమ్ములొచ్చి రెండు వాక్యాలు పోయేవి. పిన్ని చక్కగా కునుకు తీసేది. తీసి, ఉలిక్కిపడి లేచి, "ఎవరే అతను?" అనేది. ఆపి, కథ వెనక్కి తిప్పి చెప్తే మిగతావాళ్ళు ఊరుకోరు. అందుకని చదివే గొంతుతోనే, అదే ఊపులో, "అతను, అంటే పెద్దకోడలి తమ్ముడు, రిక్షా దిగాడు" అని కలిపెయ్యాలి. అది పుస్తకంలోదో నాదో వినేవాళ్ళకి తెలియకూడదు. తెలిసిందా, అడిగిన పిన్నే "నీ సొంతం ఆపి ఉన్నది చదవవే" అని తిట్టేది.

సీరియల్ రాసేవాళ్ళు కూడా మా వసారా సంగతి ఎరిగినట్టే రాసేవాళ్ళు. వారానికోసారి చదివేవాళ్ళకి మధ్యలో పిల్లలుంటారు, జ్వరాలుంటాయి, చుట్టాలొస్తారు. అందుకని ప్రతివారం పైన 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలు వేసేవాళ్ళు. పేరు ఒకటికి పదిసార్లు చెప్పేవాళ్ళు. 'ఆ మాట విని', 'ఇంతలో', 'అలా అనుకున్నదే తడవుగా' అంటూ ప్రతి వాక్యం ముందు వాక్యం కొంగు పట్టుకుని నడిచేది. ఎక్కడ తప్పిపోయినా రెండడుగుల్లో మళ్ళీ దొరికిపోతాం. చిన్నప్పుడు ఇదంతా నాకు తెలుసని కూడా నాకు తెలీదు. హాయిగా ఉందని మాత్రం తెలుసు.

అమ్మ ఆ పేజీలన్నీ వరసగా తీసి, కుట్టించి, అట్టవేయించి బైండు చేయించేది. సగం తెగిన కార్టూన్లు, తలనూనె ప్రకటనలు, ప్రతి భాగం మొదట్లో 'జరిగిన కథ', అన్నీ అలాగే ఉండేవి. ఆ బైండ్లు నా పెళ్ళితోపాటు జగ్గయ్యపేట వచ్చాయి. మా ఆయన వాటిని "మీ అమ్మ పెట్టిన సారె" అనేవారు. అటకమీద పెట్టించిందీ ఆయనే.

సరే, జబ్బు దగ్గరికి వస్తా. ఆయన రోజూ పొద్దున్నే ఆ నవలతో కుస్తీ పట్టేవారు. ఎదురుగా కూర్చుని కూరలు తరుగుతూ చూసేదాన్ని. వేలు వాక్యం మీద పెట్టేవారు. పెదాలు కదిలేవి. 'అతను' దగ్గర వేలు ఆగిపోయేది. వెనక్కి వెళ్ళేది, మళ్ళీ వచ్చేది, మళ్ళీ అక్కడే ఆగేది. ఒకరోజు పుస్తకం తీసి విసిరికొట్టారు. వెళ్ళి నీళ్ళబిందె మూతమీద పడింది. టికెట్టు ఎగిరి మంచం కిందకి పోయింది. ఆయన పుస్తకం విసరడం నేనెప్పుడూ చూళ్ళేదు. అన్నం కంచం విసిరినా అంత భయపడేదాన్ని కాదు.

ఆ మధ్యాహ్నం స్టూలు వేసుకుని అటకమీంచి ఒక బైండు దింపా. దుమ్ము దులిపి, ఆయన పక్కన కుర్చీలో కూర్చుని పైకి చదవడం మొదలెట్టా.

"ఇదా?" అన్నారు. మాట తడబడింది గానీ వెటకారం ఎక్కడా తడబడలేదు.

"ఇదే. మీకోసం కాదులెండి, నాకు బుద్ధిపుట్టింది. వద్దనుకుంటే చెవులు మూసుకోండి."

అందులో ఒక పెద్ద ఇల్లు, ఇద్దరు కోడళ్ళు, ఒక ఇనప్పెట్టె తాళాల గుత్తి. తాళాలు ఎవరి బొడ్లో ఉంటే ఇల్లు వాళ్ళ మాట వింటుంది. కథంతా ఆ తాళాల చుట్టూనే. ఆయన కళ్ళు మూసుకుని, పడుకున్నట్టు నటించారు. మర్నాడు ఇడ్లీ తింటూ, ఎటో చూస్తూ, "ఆవిడ తాళాలు ఇచ్చేసిందా?" అని అడిగారు.

నేను పచ్చడి వడ్డించడానికని వంగి మొహం దాచుకున్నా. నవ్వు ఒకటి, ఏడుపు ఒకటి, రెండూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ నెలల్లో ఆయన మతి మా పిన్ని కునుకు లాంటిది. కాసేపు ఉంటుంది, కాసేపు పోతుంది, ఉలిక్కిపడి లేచి 'ఎవరతను' అంటుంది. ఆ సీరియల్ రాసింది అచ్చం అలాంటి మనిషి కోసమే. మతి జారిన చోటల్లా పేరు మళ్ళీ వచ్చి నిలబడేది. వారం మారిన ప్రతిసారీ 'జరిగిన కథ' వచ్చి చెయ్యి పట్టుకునేది. ఎన్నేళ్ళుగానో ఆయన వెక్కిరించిన సిమెంటే ఇప్పుడు ఆయన్ని నిలబెడుతోంది. ఈ మాట ఆయనతో అనాలని నాలిక దురద పెట్టింది. జబ్బు మనిషి కదా అని ఊరుకున్నా.

ఒక బైండు అయింది. రెండోది మొదలెట్టాం. అందులోనూ కోడళ్ళే, కాకపోతే తాళాల బదులు ఒక మామిడితోట. ఒక మధ్యాహ్నం నేను "జరిగిన కథ" అని మొదలెట్టానో లేదో, ఎడంచెయ్యెత్తి ఆపారు.

"అక్కర్లేదు. గుర్తుంది."

"ఏం గుర్తుంది?"

"తోట చిన్నవాడి పేర రాసారు. పెద్దవాడికి తెలీదు. ఎన్నిసార్లు చెప్తాడే? వినేవాళ్ళం పిచ్చోళ్ళమా?"

ఆయన విసుక్కుంటే అంత సంతోషపడ్డది నా జీవితంలో అదొక్కసారే. ఆ సాయంత్రం పాయసం చేసా. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత 'జరిగిన కథ'లన్నీ దాటేస్తూ చదివా. ఒక్కోచోట 'ఆ విధంగా ఆలోచిస్తూ ఉన్న ఆమె' అని వస్తే "ఊఁ, ఊఁ, ముందుకి పద" అనేవారు. నిజం చెప్పాలంటే ఆయన పక్కన కూర్చుని చదువుతుంటే నాకూ కొన్నిచోట్ల అనిపించింది, కొంచెం ఎక్కువే మెత్తారని.

అప్పుడు తన నవల అడిగారు. "చదవడం నా వల్ల కాదు. నువ్వు చదువు, వింటా. అలవాటైతే నేనే పట్టుకుంటా."

మంచం కింద దొరికిన టికెట్టుని ఏదో ఒక పేజీలో అంచనాగా పెట్టేసా అప్పట్లో. కాబట్టి మొదటి పేజీ నుంచే ఎత్తుకున్నాం. 'అతను తలుపు తోశాడు. వాన. గదిలో ఎవరూ దీపం పెట్టలేదు.' ఇదీ మొదలు. ఆయన మొహం చూసా. కనుబొమలు దగ్గరికొచ్చేసాయి, మళ్ళీ ఆ కుస్తీ చూపు. ఇక నా నోరు నా మాట వినలేదు. వసారాలో నేర్చుకున్న విద్య, గొంతు మారకుండా, ఊపు తగ్గకుండా వచ్చేసింది. "అతను, అంటే కొడుకు, తలుపు తోశాడు. బయట వాన పడుతోంది, అందుకని తడిసిపోయి వచ్చాడు. తండ్రి మంచంలో ఉన్నాడు కాబట్టి గదిలో ఎవరూ దీపం పెట్టలేదు."

ఆయన కనుబొమలు విడిపోయాయి. "చదువు, చదువు" అన్నారు.

ఇంక చూడండి, రోజూ అదే వరస. ముప్పై ఏళ్ళ కిందటికి పోయే పేరా వస్తే "అప్పట్లో" అనేదాన్ని. తిరిగొస్తే "ఇప్పుడు" అనేదాన్ని. 'అతను' వచ్చిన చోటల్లా ఎవరో చెప్పేసేదాన్ని. ఆయనకి కథ తెలుస్తోంది. "తెలుస్తోందే! నాకు తెలుస్తోంది!" అని చిన్నపిల్లాడిలా అన్నారొకరోజు. చిల్లకల్లులో ఆయన ఫ్యాక్టరీ స్నేహితుడు ఒకాయన ఉన్నారు, పుస్తకాల పిచ్చిలో ఈయనకి జోడీ. ఆయనకి ఫోన్ చేసి, "అదే నవల. అవును, ఆ కష్టమైనదే. ఈసారి అద్దంలా కనపడుతోంది" అని చెప్పుకున్నారు. ఆ మాట విన్నాక నాకు భయం పట్టుకుంది. ఆయన మురిసిపోతున్న పుస్తకం బల్లమీద లేదు. నా నోట్లో ఉంది. ఏ రోజైనా ఆయన తనంతట తాను తెరిస్తే ఏం గతి?

తెరిచేసారు. ఒకరోజు నేను కూరగాయలకని బజారుకి బయల్దేరి, సంచీ మర్చిపోయి వెనక్కొచ్చా. ముందుగదిలో ఆయన పుస్తకం పట్టుకుని ఉన్నారు. నిన్న నేను చదివిన పేజీయే. నేను బయటికి వెళ్ళినప్పుడల్లా ఇలా నిన్నటి పేజీ తీసి చూసుకుంటున్నారని అప్పటిదాకా నాకు తెలీదు. వేలు కిందకి, పైకి, పక్క పేజీకి, మళ్ళీ వెనక్కి తిరుగుతోంది.

"నిన్న 'తండ్రి కూడా ఒకప్పుడు ఇలాగే అలిగి వెళ్ళిపోయాడు' అని చదివావు. ఎక్కడుంది?" అన్నారు.

"కళ్ళజోడు సరిగ్గా పెట్టుకున్నారా?" అన్నా. అని నాలిక కరుచుకున్నా. లోపం కళ్ళజోడుదీ కాదు, ఆయనదీ కాదు. ఉన్నదున్నట్టు చెప్పేసా. "అది పుస్తకంలో లేదండీ. నేను కలిపా. మొదట్నుంచీ కలుపుతూనే ఉన్నా."

కళ్ళజోడు తీసి, పుస్తకం మూసేసారు. అరుస్తారనుకున్నా. అరిస్తే బాగుండు.

"అయితే నాకు అర్థమైంది పుస్తకం కాదు. నువ్వు" అన్నారు.

లేచి, కర్ర పట్టుకుని వెళ్ళి, పుస్తకాన్ని బీరువా మీదకి ఎక్కించారు. చెయ్యి అందకపోతే కర్రతో తోసారు. ఆ తర్వాత నవల ఊసే లేదు. నడక, టీ, టీవీలో వార్తలు. నాకు బాధతోపాటు ఒళ్ళు మంట కూడా. ఏం తప్పు చేసానని? మునిగిపోయేవాడికి చెయ్యందిస్తే అది నా చెయ్యి అని అలుగుతారా ఎవరైనా? ఆ మంటలో రెండురోజులు కూరల్లో ఉప్పు ఎక్కువ పడింది. ఆయన మాట్లాడకుండా తిన్నారు.

అలాంటి సమయంలో నందిగామ నుంచి మా అక్క దిగింది, మిరపకాయల బస్తాతో సహా. వాళ్ళింటిమీద పై పోర్షను కడుతున్నారు, అక్కడ కాయలు ఆరబోసే చోటు లేదట. "ఈ ఏడు మీ ఇంట్లోనే, నువ్వు కూడా తీస్తావు, చదువు వేషాలు కుదరవు" అని గుమ్మంలోనే చెప్పేసింది. హాల్లో దుప్పటి పరిచి కాయలు పోసాం. ఇల్లు ఇల్లంతా మౌనంగా ఉంటే అక్క ఊరుకునే రకం కాదు.

"ఏమైందే? మరిది గారు నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చున్నారు?"

గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పా. అక్కకి గొంతు తగ్గించడం చేతకాదు. ముందుగదిలోకి వినపడేలా అందుకుంది.

"మరిది గారూ! మొన్న మాకు స్లాబ్ పోసారండి. కింద సెంట్రింగ్ పెట్టారు. చెక్కలు, కర్రలు, ఇంట్లో అడుగుపెట్టే చోటు లేదు. మా ఇల్లు కర్రలమీద నిలబడిందంటారా మీరు?"

ముందుగదిలోంచి జవాబు వచ్చింది, విసుగ్గా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "స్లాబ్ గట్టిపడేదాకా ఉండాలి. గట్టిపడ్డాక తీసెయ్యాలి."

"అదేనండీ నేననేదీ. మా చెల్లి మాటలూ అంతే. గట్టిపడిందా లేదా చూసే ఉద్యోగం మీరే కదా చేసింది? చూసుకోండి మరి!"

దగ్గినట్టు ఒక చప్పుడు. ఆయనకి జబ్బు తర్వాత నవ్వు అలాగే వస్తోంది. "మీ అక్క నాకు సెంట్రింగ్ గురించి చెప్తోందే" అన్నారు, నాతో. అలిగిన తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. నేను వెళ్ళి బీరువా మీంచి పుస్తకం దింపబోతే, వద్దని కర్రతో ఆయనే లాక్కున్నారు. కింద పడింది. పడ్డదాన్ని ఇద్దరం వంగి తీసాం.

అప్పుడొక షరతు పెట్టారు. "కలపొద్దనను. కలిపినప్పుడు కుర్చీ చేతిమీద వేలితో కొట్టు. ఏది ఆయనదో ఏది నీదో నాకు తెలియాలి."

మొదటిరోజు మా ఇల్లు వడ్రంగి పని జరుగుతున్నట్టే ఉంది. టక్కు, "అంటే కొడుకు". టక్కు, "అప్పట్లో". టక్కు టక్కు. పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి "ఏం చేయిస్తున్నారండీ?" అని అడిగింది. కానీ ఆ చప్పుడుతో ఒక మేలు జరిగింది. నేను చదివేసిన పేజీని ఆయన తర్వాత పట్టుకున్నప్పుడు, టక్కు వినపడిన చోటల్లా తనే ఆగి, "ఇక్కడ తండ్రి" అనుకుని ముందుకు వెళ్ళగలిగేవారు. కొన్నాళ్ళకి నేను వేలెత్తేలోపే "తెలుసు, వద్దు" అనడం మొదలెట్టారు. నా వేలికి పని తగ్గింది.

సగం దాటాక ఒక చోటు వచ్చింది. కొడుకు పట్నం నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు, లోపలికి రాడు. పేరా అయిపోయింది. కింద పేరా కూడా 'అతను చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు' అనే మొదలైంది. అది తండ్రి, ముప్పై ఏళ్ళ కిందట. నేను టక్కున కొట్టి, "ఒకప్పుడు వాళ్ళ నాన్న కూడా ఇలాగే" అన్నా.

"మళ్ళీ చదువు. కొట్టకుండా" అన్నారు.

చదివా. ఆ వాక్యం, కాస్త ఆగి, మళ్ళీ అదే వాక్యం. చదివి ఊరుకున్నా. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. వానాకాలం పొలం నుంచి వచ్చి, బురద చెప్పులు చేత్తో పట్టుకుని, అమ్మ నీళ్ళు తెచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేవాడు. ఎన్నేళ్ళయిందో ఆ మనిషిని అలా చూసి. నేను 'వాళ్ళ నాన్న కూడా' అని మెత్తేసినప్పుడు మా నాన్న రాలేదు. ఊరుకుంటే వచ్చాడు. రాసినాయన సిమెంటు మానెయ్యలేదు, చెప్పుల దగ్గర పెట్టాడు, మనకి కనపడకుండా. కానీ అది దొరకాలంటే రెండు పేరాలూ ఒకేసారి మనసులో నిలవాలి. అంత నిలిచేంత బలం మా ఆయనకి వచ్చిందని ఆ క్షణాన నాకు తెలిసింది.

"గాలొచ్చిందా?" అన్నారు మెల్లగా.

"వచ్చిందిలెండి. అన్నిచోట్లా మాత్రం రాదు" అన్నా. ఊరికే ఒప్పుకుంటానా?

చివరి అధ్యాయం మిగిలింది. నేను పుస్తకం తీయబోతుంటే "ఇటివ్వు" అన్నారు. ఆ రోజు అక్క కూడా ఉంది, ఇంకో బస్తాతో మళ్ళీ దిగింది. పోసిన కాయల్లో ఇంకా ఒక కుప్ప మిగిలింది. "మీరు మీ పని చూసుకోండి, నేను చదువుతా" అని, కుర్చీ హాల్లోకి లాగించుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. చదివే ఉద్యోగం ఆయన చేతికి వెళ్ళింది కాబట్టి నేను దుప్పటిమీద కూర్చోక తప్పలేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ముచ్చికలు తీస్తుంటే అక్క మొహంలో ఆ ఆనందం చూడాలి.

నెమ్మదిగా చదివారు. ఒక్కో వాక్యం దగ్గర ఊపిరి తీసుకుని. వేలు ఆగినచోట నా ప్రాణం కూడా ఆగింది. నోటిదాకా వచ్చిన 'అంటే కొడుకు'ని మింగేసా. వేలు మళ్ళీ కదిలింది, తనంతట తానే. పేజీ తిప్పారు. వెనక్కి తిప్పలేదు. ఇంకో పేజీ తిప్పారు. టికెట్టు జారి ఒళ్ళో పడితే తీసి నాకిచ్చేసి, ఆపకుండా చదువుతున్నారు. చివరి పేజీలోకి వచ్చారనగా, పాడు ఘాటు, నాకు తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటి కాదు, వరసగా. మధ్యలో రెండు వాక్యాలు పోయాయి. తేరుకునేసరికి ఎవరో చెప్పులు గుమ్మంలోంచి తీసి లోపల పెడుతున్నారు.

"ఎవరండీ అతను?" అన్నా.

ఆయన ఆగలేదు. తల కూడా ఎత్తలేదు. బద్ధకించే ఆ కుడిచెయ్యి కుర్చీమీద కదిలింది. వేలితో ఒక్కసారి కొట్టి, చదివే గొంతుతోనే, అదే ఊపులో, "అతను, అంటే కొడుకు, నాన్న చెప్పులు లోపల పెట్టాడు" అని కలిపి, తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయారు.